బొమ్మల కొలువులో లేనివారు

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, సెలవు రోజు మధ్యాహ్నం ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ఈ మెల్‌బోర్న్ నగరంలో ఉన్న మన తెలుగు కుటుంబాలలో నేడో రేపో పౌరసత్వ పరీక్షకు కూర్చోబోయేవారు చాలామందే ఉన్నారు. ఆ పరీక్ష కోసం ప్రభుత్వం ఇచ్చే పుస్తకంలో కంగారూ, ఈమూ పక్షి చెరొక వైపు నిలబడిన రాజముద్ర ఉంటుంది, జెండాలు ఉంటాయి, మన తుమ్మచెట్టుకు దగ్గరి చుట్టమైన వాటిల్ చెట్టు పసుపు పువ్వు ఉంటుంది, ఏప్రిల్ 25 గురించి నాలుగు ముక్కలు ఉంటాయి. ఇరవై ప్రశ్నలలో పదిహేనింటికి సరైన జవాబులు రాసి, అందులో విలువలకు సంబంధించిన ఐదు ప్రశ్నలలో ఒక్కటీ తప్పకుండా చూసుకుంటే పరీక్ష గట్టెక్కినట్లే. అయితే ఒక మనిషి గానీ, ఒక వస్తువు గానీ, ఒక తేదీ గానీ జాతికి చిహ్నంగా ఎప్పుడు మారింది, ఎవరి అవసరం కొద్దీ మారింది, అలా మారే క్రమంలో ఎవరు పక్కకు జరగవలసి వచ్చింది అన్న సంగతులు అటువంటి చిన్న పుస్తకంలో ఇమిడేవి కావు. నేటి నా ప్రసంగం వాటి గురించే.

సాధారణంగా ఏ దేశమైనా గెలిచిన యుద్ధాలను, రాజ్యాలు స్థాపించిన వీరులను తన బొమ్మల కొలువులో పై మెట్టున పెట్టుకుంటుంది. ఆస్ట్రేలియా పై మెట్టున పెట్టుకున్నది ఓడిపోయిన ఒక యుద్ధాన్ని, ఉరికంబం ఎక్కిన ఒక బందిపోటును, గొర్రెను దొంగిలించి నీళ్లలో దూకి చచ్చిపోయిన ఒక దేశదిమ్మరిని, చివరి ఇన్నింగ్స్‌లో సున్నాకు అవుటైన ఒక బ్యాట్స్‌మన్‌ను. దీనిని చూపించి, మేము పెత్తనాన్ని లెక్కచేయని వాళ్లం, ఓడినవాడి పక్షాన నిలిచేవాళ్లం అని ఇక్కడివారు తమ గురించి తాము చెప్పుకుంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఈ గడ్డ మీద అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నవారు, అంటే ఇక్కడి మూలవాసులు, ఆ కొలువులో చాలాకాలం ఏ మెట్టు మీదా కనిపించలేదు. ఓడిన తెల్లవాడి కథ చెప్పుకోవడం వల్ల, తాము ఎవరిని ఓడించామన్న సంగతి మరచిపోవడం సులువైందని నా అభిప్రాయం.

ముందుగా ఆ దేశదిమ్మరి సంగతి చూద్దాం. 1895లో సిడ్నీకి చెందిన న్యాయవాది, కవి బాంజో ప్యాటర్సన్ క్వీన్స్‌లాండ్‌లోని వింటన్ ఊరికి సమీపంలో ఉన్న డాగ్‌వర్త్ అనే పెద్ద గొర్రెల క్షేత్రంలో అతిథిగా ఉన్నప్పుడు 'వాల్ట్జింగ్ మటిల్డా' అనే పాట రాశాడు. ఆ ఇంటి ఆడపడుచు క్రిస్టీనా మెక్‌ఫర్సన్, మన విక్టోరియాలోనే ఉన్న వార్నంబూల్ గుర్రప్పందేలలో తాను విన్న ఒక బాణీని వాయిస్తుండగా ఆయన దానికి మాటలు కట్టాడు. అంతకు ముందు సంవత్సరమే ఆ ప్రాంతంలో ఉన్ని కత్తిరించే కూలీల సమ్మె జరిగింది. డాగ్‌వర్త్‌లో కత్తిరింపు షెడ్డును తగలబెట్టారు. మూట భుజాన వేసుకుని పని కోసం ఊళ్లు తిరిగే ఒక పేదవాడు గొర్రెను పట్టుకోవడం, భూస్వామి ముగ్గురు పోలీసులను వెంటబెట్టుకుని రావడం, దొరకడం కంటే చావడం మేలని అతడు మడుగులోకి దూకడం, ఇంతే పాట. 1977లో జాతీయగీతం ఏది ఉండాలని ప్రజలను అడిగినప్పుడు 'అడ్వాన్స్ ఆస్ట్రేలియా ఫెయిర్' 43 శాతం ఓట్లతో గెలిస్తే, ఈ గొర్రెల దొంగ పాటకు 28 శాతం ఓట్లు వచ్చి రెండో స్థానం దక్కింది. ప్యాటర్సన్ బొమ్మ మీ జేబులోని పది డాలర్ల నోటు మీద ఉంది. ఆ గొర్రె ఎవరిదన్నదే పాటలోని తగాదా. ఆ గొర్రె మేసిన నేల ఎవరిదన్న ప్రశ్న పాటలో లేదు. క్వీన్స్‌లాండ్ పచ్చిక బయళ్లు గొర్రెల క్షేత్రాలుగా మారడానికి ముందు అక్కడ జరిగిన హత్యాకాండలు గుర్తున్నవారు ఆ పాట పుట్టిన నాటికి ఇంకా బతికే ఉన్నారు.

ఇక నెడ్ కెల్లీ. ఆయన గురించి కొంచెం నిదానంగా మాట్లాడతాను, ఎందుకంటే ఆయన ఆనవాళ్లన్నీ ఈ నగరంలోనే ఉన్నాయి. స్వాన్‌స్టన్ వీధిలోని స్టేట్ లైబ్రరీకి ఎప్పుడైనా వెళితే అక్కడి ఇనుప కవచాన్ని దగ్గరగా నిలబడి చూడండి. నాగలికి మట్టిని తిరగవేసే రేకు ఉంటుంది కదా, అటువంటి రేకులను కొలిమిలో కాల్చి, వంచి, బోల్టులతో బిగించి తయారుచేసినది. బరువు 40 కిలోల పైమాటే. శిరస్త్రాణం పైకప్పు లేని ఇనుప డబ్బా ఆకారంలో ఉంటుంది. చూడడానికి సన్నటి అడ్డచీలిక ఒక్కటే. తుపాకీ గుళ్లు తగిలి పడిన సొట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. కాళ్లకు మాత్రం రక్షణ లేదు. 1880 జూన్ 28 తెల్లవారుజామున గ్లెన్‌రోవన్‌లో పోలీసులు ఆయనను కూల్చింది కాళ్ల మీద కాల్చే.

కెల్లీ తండ్రి ఐర్లండు నుంచి శిక్ష మీద ఇక్కడికి పంపబడిన ఖైదీ. 1878లో తల్లి ఎలెన్‌కు మూడేళ్ల జైలు శిక్ష పడింది. అదే సంవత్సరం అక్టోబరులో స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర కెల్లీ ముఠా ముగ్గురు పోలీసులను చంపింది. మరుసటి సంవత్సరం జెరిల్డెరీ అనే ఊరిని ఆక్రమించిన సమయంలో ప్రచురించమని ఇచ్చిపోయిన ఉత్తరం దాదాపు ఎనిమిది వేల మాటలుంటుంది; పోలీసుల మీద, ఐరిష్ పేదలను పీడించే వ్యవస్థ మీద అందులో ఆయన కురిపించిన తిట్లు ఇప్పటికీ వేడి తగ్గలేదు. చనిపోయిన ఆ ముగ్గురు పోలీసులు కూడా ఐర్లండులో పుట్టినవారేనన్న సంగతిని మాత్రం కెల్లీ అభిమానులు అంతగా తలచుకోరు. 1880 నవంబరు 11న కెల్లీని ఓల్డ్ మెల్‌బోర్న్ జైలులో ఉరి తీశారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. ప్రాణభిక్ష కోరుతూ పెట్టిన వినతిపత్రం మీద ముప్పై వేలకు పైగా సంతకాలు పడ్డాయి. తల్లికి, కొడుకుకు ఇద్దరికీ శిక్ష వేసిన న్యాయమూర్తి రెడ్మండ్ బ్యారీ, కెల్లీని ఉరితీసిన పన్నెండు రోజులకే కన్నుమూశాడు. ఆ లైబ్రరీని స్థాపించినవారిలో ప్రముఖుడు ఆయనే. లైబ్రరీ ముందు నిలువెత్తు విగ్రహం న్యాయమూర్తిది; లోపల అద్దాల మధ్య కవచం దోషిది. చూడడానికి జనం వెళ్లేది మాత్రం లోపలికే.

బందిపోటు జాతి చిహ్నం కావడానికి కొంతకాలం పట్టింది. 1906లో తీసిన ఆయన కథే ప్రపంచంలో మొట్టమొదటి పూర్తి నిడివి కథాచిత్రమని చరిత్రకారులు గుర్తించారు. 1946, 47 సంవత్సరాలలో చిత్రకారుడు సిడ్నీ నోలన్ ఆ శిరస్త్రాణాన్ని నల్లటి చతురస్రంగా, కళ్ల చీలికలోంచి ఆకాశం కనిపించేటట్లు గీశాడు. ఆ తరువాత ఆ నల్ల చతురస్రం ఒక్కటి చాలు, కింద పేరు రాయనక్కర్లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆ ఆకారాలే మైదానమంతా తిరిగాయి.

ఈ కథలో అందరూ దాటేసే ఒక భాగం ఉంది. కెల్లీ ముఠా నిజంగా భయపడింది పోలీసులకు కాదు, క్వీన్స్‌లాండ్ నుంచి రప్పించిన మూలవాసి జాడగాళ్లకు. నేల మీద అడుగుజాడ చూసి మనిషిని పట్టగలిగినవారు వారు. ముఠాను పట్టించినందుకు ప్రకటించిన బహుమతి డబ్బులో తలా 50 పౌన్లు వారి వాటాగా లెక్కగట్టారు. అంత సొమ్మును ఉపయోగించుకోవడం వారికి తెలియదన్న సాకుతో దానిని వారి చేతికి ఇవ్వలేదు. పెత్తనానికి ఎదురు తిరిగిన కెల్లీని జాతి ప్రేమించింది సరే, ఆ జాడగాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఏప్రిల్ 25. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో ఆ రోజు తెల్లవారుజామున అన్జాక్ అని పిలిచే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగారు. కొండలెక్కి కందకాలలో ఎనిమిది నెలలు గడిపి, డిసెంబరులో రాత్రికి రాత్రి ఖాళీ చేసి వచ్చేశారు. ఎనిమిది వేలకు పైగా ఆస్ట్రేలియన్లు, రెండున్నర వేలకు పైగా న్యూజిలాండ్ వాళ్లు చనిపోయారు. టర్కీ వైపు మృతులు ఎనభై వేలు దాటారు. ఇంత చేసి సాధించిన భూభాగం ఏమీ లేదు. నిజానికి అదే యుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యం గర్వించదగిన విజయాలు తరువాత సాధించింది. 1918 జులై 4న ఫ్రాన్సులోని హామెల్ దగ్గర, ఆగస్టు 8న అమియెన్స్ దగ్గర జరిగిన పోరాటాలకు ఆస్ట్రేలియన్ దళాలను నడిపినవాడు జాన్ మొనాష్. ఆయన ఈ మెల్‌బోర్న్‌లోనే యూదు వలస కుటుంబంలో పుట్టిన సివిల్ ఇంజనీరు. యుద్ధం తరువాత ఈ రాష్ట్రానికి కరెంటు ఇచ్చిన సంస్థను నడిపాడు. వంద డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంది, ఆయన పేరిట విశ్వవిద్యాలయం ఉంది. అయినా బడిపిల్లలను అడిగితే ముందు చెప్పేది గాడిద మీద క్షతగాత్రులను మోసిన సింప్సన్ పేరే. విజయం చేతిలో ఉండగా జాతి ఓటమినే ఎంచుకుంది. ఓటమి అయితే తప్పు లండన్‌లోని సేనాధిపతులది, సాహసం మనది అని చెప్పుకోవచ్చు. 1901లో మాత్రమే ఒకే దేశంగా ఏర్పడిన ప్రజలకు ఆ వేరుపాటు ఎంతో అవసరమైంది.

సింప్సన్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన పుట్టింది ఇంగ్లండులోని సౌత్ షీల్డ్స్‌లో, ఓడ పని వదిలి ఇక్కడ దిగిపోయినవాడు. గల్లిపోలిలో నాలుగు వారాలు కూడా పూర్తిగా బతకలేదు. ఉన్నన్నాళ్లూ ఎక్కువగా మకాం పెట్టింది మన భారతీయ పర్వత ఫిరంగి దళం కంచరగాడిదల దగ్గర. ఆ యుద్ధంలో సిక్కులు, గూర్ఖాలు, కంచరగాడిదల దళాలవారు వేలాదిమంది ఉన్నారు. ఆస్ట్రేలియన్ల కందకాలకు నీళ్లు, మందుగుండు చేరవేసినవారిలో వారు ముఖ్యులు. ఈ నగరంలోని యుద్ధ స్మారక మందిరం షరైన్ ఆఫ్ రిమెంబ్రెన్స్ తోటలో సింప్సన్, గాడిద విగ్రహం చూసినప్పుడు ఆ సంగతి మీ పిల్లలకు చెప్పవచ్చు. అదే షరైన్ లోపల నేలలో ఒక రాయి ఉంది. నవంబరు 11 ఉదయం పదకొండు గంటలకు పైకప్పు రంధ్రంలోంచి సూర్యకిరణం వచ్చి ఆ రాతి మీద చెక్కిన 'లవ్' అన్న మాట మీద పడేటట్లు 1934లోనే కట్టారు. తరువాత వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపే పద్ధతి రావడంతో లెక్క తప్పింది. ఇప్పుడు అద్దం పెట్టి ఆ వెలుతురును దారి మళ్లిస్తున్నారు. కెల్లీని ఉరితీసింది కూడా నవంబరు 11నే అన్నది కాకతాళీయం.

యూరోపియన్ సంతతివారు కానివారిని సైన్యంలో చేర్చుకోరాదన్న నిబంధన అప్పటి చట్టంలో ఉన్నా, వెయ్యిమందికి పైగా మూలవాసులు ఏదో విధంగా చేరి ఆ మహాయుద్ధంలో పోరాడారు. తిరిగి వచ్చిన తెల్ల సైనికులకు ప్రభుత్వం భూములు పంచింది. మూలవాసి సైనికులలో ఆ భూమి దక్కినవారు అతి కొద్దిమంది.

వంటింటి చిహ్నాలను త్వరగా దాటేస్తాను. రొట్టెకు పూసుకునే వెజిమైట్ 1923లో ఈ నగరంలో పుట్టి, దశాబ్దాల పాటు అమెరికా యాజమాన్యంలో ఉండి, 2017లో బేగా సంస్థ కొనడంతో తిరిగి స్వదేశీ అయింది. అన్జాక్ బిస్కెట్ల సంగతి మరీ విచిత్రం: అన్జాక్ అన్న పేరుకు 1920ల నుంచి చట్టరక్షణ ఉంది కనుక, అమ్మేవాళ్లు పాత పద్ధతి నుంచి దూరం పోకూడదు, దానిని కుకీ అని పిలవకూడదు. ఈ జాతి తనదిగా చెప్పుకునే పందెపు గుర్రం ఫార్ ల్యాప్ పుట్టింది న్యూజిలాండ్‌లో. దాని తోలు మెల్‌బోర్న్ మ్యూజియంలో, గుండె కాన్‌బెరాలో, అస్థిపంజరం వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. సిడ్నీ ఒపేరా హౌస్‌ను ఊహించిన డెన్మార్క్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్, ప్రభుత్వంతో తగాదా పడి 1966లో వెళ్లిపోయాడు. 70 లక్షల డాలర్లు అవుతుందనుకున్న కట్టడం 10 కోట్ల 20 లక్షలకు చేరి 1973లో పూర్తయింది, ఆయన దానిని కళ్లారా చూడకుండానే 2008లో పోయాడు. ఆ కట్టడం నిలిచిన కొనకు బెనెలాంగ్ పేరు ఉంది. 1789లో తెల్లవారు బలవంతంగా పట్టుకెళ్లిన మూలవాసి ఆయన.

క్రికెట్ గురించి మాట్లాడకుండా తెలుగు సభ ముగిస్తే మీరు ఊరుకోరు. బ్రాడ్‌మన్ సగటు 99.94. 1948 ఆగస్టు 14న ఓవల్‌లో నాలుగు పరుగులు చేసి ఉంటే సగటు సరిగ్గా వంద అయ్యేది. ఎరిక్ హోలీస్ బంతికి సున్నాకే బౌల్డ్ అయ్యాడు. నిండు వంద అయి ఉంటే ఆ అంకెను ఇంత ప్రేమగా తలచుకునేవారు కాదేమో. అయితే ఇంగ్లండుకు వెళ్లిన తొలి ఆస్ట్రేలియా జట్టులో ఇంగ్లండు నుంచి వచ్చిన కెప్టెన్ చార్లెస్ లారెన్స్ తప్ప మిగిలినవారు మూలవాసులే. 1868లో వెళ్లిన ఆ జట్టు ప్రధానంగా పశ్చిమ విక్టోరియా మూలవాసులది. గొర్రెల క్షేత్రాలలో పనిచేసే మనుషులు. అంతకు ముందు, 1866 బాక్సింగ్ డే నాడు, వారు మన మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం ఎంసీజీలోనే ఆడారు. అప్పుడు వారికి శిక్షణ ఇచ్చిన టామ్ విల్స్ తండ్రి ఐదేళ్ల క్రితమే క్వీన్స్‌లాండ్‌లో మూలవాసుల చేతిలో చనిపోయాడు. ఆ మనిషి మనసులో ఏముందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇంగ్లండులో ఆడిన 47 ఆటలలో 14 గెలిచారు, 14 ఓడారు. జానీ ముల్లా ఒక్కడే 1,698 పరుగులు చేసి 245 వికెట్లు తీశాడు. వారు తిరిగొచ్చిన మరుసటి సంవత్సరమే, మూలవాసులు ఎక్కడ ఉండాలో, ఎక్కడ పనిచేయాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వ బోర్డుకు ఇచ్చే చట్టం విక్టోరియాలో వచ్చింది. 2020 నుంచి బాక్సింగ్ డే టెస్టులో ఉత్తమ ఆటగాడికి ముల్లా పతకం ఇస్తున్నారు. మొదటిసారి అందుకున్నవాడు అజింక్య రహానే. 2024 డిసెంబరులో మన విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి 114 పరుగులు చేసినప్పుడు ఇదే మైదానంలో మీలో ఎందరో కేకలు వేసి ఉంటారు.

కొలువులో చోటు దక్కని ఆ మనుషులు తమంతట తాము మెట్టెక్కిన క్రమం కూడా ఇటీవలిదే. హారల్డ్ థామస్ గీసిన మూలవాసుల జెండా మొదటిసారి ఎగిరింది 1971 జులైలో, అడిలైడ్‌లో. 1994 కామన్వెల్త్ క్రీడలలో 400 మీటర్ల పరుగు గెలిచిన మూలవాసి క్రీడాకారిణి క్యాథీ ఫ్రీమన్ ఆ జెండా పట్టుకుని మైదానం చుట్టి వస్తే జట్టు అధికారి మందలించాడు. 200 మీటర్లు గెలిచాక ఆమె మళ్లీ అదే పని చేసింది. ఆరేళ్ల తరువాత సిడ్నీలో ఒలింపిక్ జ్యోతి వెలిగించమని ఆమెనే పిలిచారు. 49.11 సెకన్లలో 400 మీటర్లు గెలిచి రెండు జెండాలూ కలిపి పట్టుకుంటే దేశమంతా లేచి నిలబడింది. ఆ ఆరేళ్లలో మారింది ఆమె కాదు.

ఉలూరు కథ ఇంకా పాఠం లాంటిది. 1873లో అక్కడికి వెళ్లిన సర్వేయరు దానికి దక్షిణ ఆస్ట్రేలియా మంత్రి హెన్రీ ఎయర్స్ పేరు పెట్టాడు. 348 మీటర్ల ఎత్తున్న ఆ ఎర్రరాతి గుట్ట పోస్టుకార్డులకెక్కి, ఎక్కడానికి 1964లో గొలుసులు కూడా బిగించారు. 1985 అక్టోబరు 26న యాజమాన్యపు దస్తావేజు అక్కడి మూలవాసులైన అనంగు ప్రజల చేతిలో పెట్టారు, వెంటనే 99 ఏళ్లకు జాతీయ పార్కుగా లీజుకు తీసుకున్నారు. ఇది మా పవిత్ర స్థలం, దయచేసి ఎక్కవద్దు అని వారు కింద బోర్డు పెట్టారు. జనం ఎక్కుతూనే ఉన్నారు. ముప్పై మందికి పైగా ఆ ఎక్కడంలోనే చనిపోయారు. చివరకు 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం నిషేధించారు. ఆ నిషేధానికి ముందు రోజులలో ఇదే ఆఖరి అవకాశమని బారులు తీరిన జనం ఫోటోలు మీరు చూసే ఉంటారు. చిహ్నాన్ని ప్రేమించడం వేరు, దాని యజమాని మాట వినడం వేరు.

ఇక మనకు నేరుగా తగిలే తేదీ ఒకటి ఉంది. జనవరి 26 మనకు గణతంత్ర దినం; ఇక్కడ 1788లో ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ రేవులో బ్రిటిష్ జెండా పాతిన రోజు. 1938లో, నూటయాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఆ దిగుడును నాటకంగా ఆడించడానికి మారుమూల మెనిండీ నుంచి మూలవాసులను తెచ్చి, తెల్లవారిని చూసి పారిపోయే పాత్రలు వేయించారు. అదే రోజు అదే నగరంలో మూలవాసి నాయకులు దానిని సంతాప దినంగా పాటించి సమాన పౌరసత్వం అడిగారు. అన్ని రాష్ట్రాలలో ఆ తేదీ నాడే సెలవు ఇవ్వడం మొదలైంది 1994లో మాత్రమే. 2017లో మన పక్కనే ఉన్న యారా కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక పాలక మండలి, ఆ రోజు పౌరసత్వ సభలు జరపబోమంటే, ఆ సభలు జరిపే అధికారాన్నే కేంద్రం లాగేసుకుంది. 2022 డిసెంబరులో నిబంధన సడలించి, ఆ తేదీకి మూడు రోజులు ముందు గానీ వెనుక గానీ జరపవచ్చన్నారు. మరుసటి సంవత్సరం అక్టోబరు 14న, మూలవాసులకు పార్లమెంటు దగ్గర ఒక సలహా మండలి ఉండాలా అన్న ప్రశ్నకు ఈ దేశ ఓటర్లలో దాదాపు 60 శాతం వద్దన్నారు.

మీలో కొందరికి పౌరసత్వ ఆహ్వానం రాబోయే జనవరిలోనే అందవచ్చు. అందులో ఏ తేదీ వేశారో, ఆ తేదీనే ఎందుకు వేశారో కౌన్సిల్ వారిని అడగండి. కౌన్సిల్‌ను బట్టి జవాబు మారుతుంది. ఇక మీ ప్రశ్నలు వింటాను.